రేవు మండపంల దగ్గు

ఆ మండపం కాడికి పొద్దూకినంక పోవద్దంటరు. రేవుకు దిగే తొవ్వల, కూలిన గోడ పక్కకు ఉంటది. అస్తికలు తెచ్చినోళ్లు నీళ్లల్లకు దిగే ముందు ఆడ జరసేపు కూసుంటరు. రాత్రయితే లోపట ఎవ్వలుండరు... ఒకనాడు మూలుగు ఇనొస్తది, ఒకనాడు దగ్గు.

నాకైతే ఆ మండపం మాటెత్తితెనే మండుతది! అలంపురంల గైడ్ పని చేస్తున్న. చాళుక్యులు కట్టిన బ్రహ్మ గుళ్లు చూపెడ్త. పాత గుడి కూలినంక జోగులాంబ తల్లిని బాలబ్రహ్మేశ్వరుని గుళ్లె పెట్టి, వందల ఏండ్లు ఆడనే మొక్కిన్రని చెప్త. తుంగభద్ర ఈడ ఉత్తరానికి మళ్లి పారుతది, కాశీల గంగ తీరుగ, గందుకే దక్షిణ కాశి అంటరని గొంతు చించుకుంట. అంత ఇని, "అన్నా, ఆ దయ్యాల మండపం ఏడుంది?" అంటరు. ఏం జెప్పాలె ఈళ్లకు? తల్లి పేరు మీద జిల్లనే పెట్టిన్రు, అయినా గిదే లొల్లి.

సరే, అడిగిన్రు గదా, ఇనుండ్రి. గీ సంగతి నాకు ఆటో తోలే ఇస్రాయేలు చెప్పిండు. ఆదివారం చర్చి తప్పనోడు, దయ్యాలంటే నవ్వెటోడు.

బీరమ్మ అని నార్కట్‌పల్లి దిక్కు అవ్వ, గొర్లు కాసే ఇంటామె. చంకల బట్ట చుట్టిన చిన్న కుండ — పెనిమిటి అస్తికలు. తెల్లారితే ఇంటికాడ దినాలు. కొడుకుల్లేరు. మరుదులేమో "ఆడిది ఎట్ల పట్టుకపోతది" అన్నరు గాని, వాళ్లు మాత్రం కదల్లే. ఈమెనే బయలెల్లింది. బస్సు నడిమిట్ల ఖరాబై, అలంపురం వచ్చేసరికి చీకటి పడ్డది. దిగుడు దిగుడే ఇస్రాయేలు ఆటో ఎక్కింది.

"జల్ది పోనియ్ బిడ్డా. ఇయ్యాల కలపకుంటే రేపు వాళ్ల నోళ్లల్ల పడాలె."

వాళ్లింట్ల ఒక పద్ధతుందట. అస్తికలు పట్టుకపోంగ మలుపు మలుపుకు సచ్చినోళ్లను పేరు పెట్టి పిలువాలె. లేకుంటే ఆ జీవి ఏడనో ఆగిపోతదట. అవ్వ తొవ్వ పొడుగుత పిలుస్తనే ఉన్నది — పేరు మాత్రం తియ్యలే.

"ఇగో... ఇంటున్నవా? ఇటు మల్లుతున్నం... రా."

మొగని పేరు నోట తీసుడు తప్పు గదా! పెండ్లయిన కాన్నుంచి ఒక్కనాడు తియ్యలేదట.

ఆటో దిగి, ఇద్దరు మండపం కాడ జరసేపు కూసున్నరు. లేసి నాలుగడుగులు వేసిన్రో లేదో, ఎనుక నుంచి —

ఖొహ్... ఖొహ్...

ఇస్రాయేలు సెల్లు లైటు కొట్టిండు. స్తంభాలు... దుమ్ము... ఎవ్వలు లేరు.

"గాలి అవ్వా... నడువు."

అవ్వ నడువలే. చెవు పెట్టి ఇన్నది. మొఖం మారింది — భయంతోని కాదు, కోపంతోని.

"గాలి కాదు బిడ్డా. గది మా ఆయన దగ్గు. పానమున్నన్ని దినాలు గిట్లనే సతాయించిండు! అలంపురం తోలుకపోవయ్యా అంటే గొర్లు ఈనుతున్నయి, గొర్లకు రోగమొచ్చింది, రేపు, మాపు... ఇప్పుడు నేనే చంకల పెట్టుకొని తెస్తే, నీళ్ల ఒడ్డుకొచ్చి ఈడ కూలబడ్డడు! ఎంతకని పిలువాలె నేను?"

కండ్లల్ల నీళ్లు గిర్రున తిరిగినయి. దగ్గు మల్లొచ్చింది... అదే మూల నుంచి.

ఇస్రాయేలు మల్ల ఆ మూలకే లైటు కొట్టిండు. మెల్లగ అన్నడు, "అవ్వా... నువ్వు పేరు పెట్టి పిలువలే గదా."

అవ్వ కొంగు నోట్లె కుక్కుకున్నది. అటు చూసింది, ఇటు చూసింది. ఎంత కష్టమైందో పాపం! ఆఖరుకు కండ్లు మూసుకొని —

"లింగస్వామీ! లెవ్వు! నా ఎంబడి రా!"

దగ్గు ఆగింది.

ఆ ఎంటనే అవ్వ ముందలికి ఒరిగింది. "పట్టు బిడ్డా... కుండ పట్టు!"

ఇస్రాయేలు ఉరికి అడుగున చేతులు పెట్టిండు. పెట్టినోడు పెట్టినట్టే మోకాళ్ల మీద కూసున్నడు. పిడికెడు బొక్కలున్న కుండ... నిండు మనిషంత బరువు.

"వచ్చిండు," అన్నది అవ్వ, రొప్పుకుంట.