చెల్లెలి మూలుగ

"నీ ఎముకల్లో మూలుగ తీసి నాకెక్కించాలంట పార్వతీ! ఇస్తావా? చస్తే చావనీలే అంటావా?"

అంత మాట అనేసి కృష్ణమ్మ ఫోను పెట్టేసింది. అవతల చెల్లెలు "అక్కా... అక్కా..." అంటూనే ఉంది. నడుముకు బెల్టు బిగించుకుని ఆసుపత్రి మంచం మీద పడి ఉన్న కృష్ణమ్మ మొహంలో ఎన్నో నెలల తర్వాత ఒక వెలుగు కనిపించింది. టీ పట్టుకుని వస్తున్న కూతురు అనురాధ గుమ్మంలోనే ఆగిపోయింది.

"అమ్మా! డాక్టరమ్మ ఏం చెప్పింది, నువ్వేం చెప్తాండావు? ఎవరి మూలుగా అక్కర్లేదు. నీ రక్తంలో కణాలే తీసి నీకే ఎక్కిస్తారు!"

"నాకేం చెవుడు లేదులే."

"మరి ఏందిది?"

"భయపడి చావనీ! అది రాదు, చూస్తా ఉండు. మొగుడు పంపలేదంటుంది, దుకాణం వదిలి రాలేనంటుంది. రానని ఒక్క మాట అననీ... ఇంగ బతికినన్నాళ్లూ ఊరంతా వినేట్లు తిడతా దాన్ని!"

హనుమంతునిపాడు దగ్గర కృష్ణమ్మ వాళ్ల పల్లెలో ఎవరి నడుము పట్టేసినా, ఎవరి మోకాళ్లు సలిపినా బోరు నీళ్లనే తిట్టుకుంటారు. ఫ్లోరిన్ నీళ్లు తాగి వంకరపోయిన కాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. అందుకే కృష్ణమ్మకు పక్కటెముకల్లో నొప్పి మొదలైనప్పుడు, పామూరులో భర్త మందుల దుకాణంలో కూర్చునే చెల్లెలు శివపార్వతి, అందరికీ ఇచ్చినట్లే నొప్పి బిళ్లలు ఇచ్చింది. అట్టలకు అట్టలు... ఎనిమిది నెలలు! కృష్ణమ్మ భయస్తురాలు, నిజమే. బిడ్డ తుమ్మితే నిమ్ము చేసిందని ఏడ్చే తల్లి. "పెద్ద జబ్బేమోనే పార్వతీ, మెట్లెక్కితే ఆయాసంగా ఉంటాందే" అంటే, చెల్లెలు దుకాణంలో నలుగురి ముందూ పకపకా నవ్వింది. "మా అక్కకు నెలకొక పెద్ద జబ్బు! ఈ నెల ఏందక్కా?" అని. దొడ్లో గొర్రెపిల్లను ఎత్తబోయి, వెన్నుపూస విరిగి కూలిపోయిననాడు కృష్ణమ్మకు నొప్పి కన్నా ముందు ఆ నవ్వే గుర్తుకొచ్చింది!

గుంటూరు తెచ్చి రక్తమూ మూత్రమూ పరీక్ష చేసి, తుంటి ఎముకలోకి సూది దించి చూసి, మల్టిపుల్ మైలోమా అన్నారు. మూలుగలో పుట్టే ఒక రకం కణాలు చెడిపోయి, అదుపు లేకుండా పెరిగి, ఎముకల్ని తినేస్తాయట. ఆ జబ్బు కిడ్నీలను దెబ్బతీస్తుంటే నొప్పి బిళ్లలు దానికి తోడయ్యాయి.

"నా బిడ్డకు అంటుకుంటుందా తల్లీ?" కృష్ణమ్మ మొదట అడిగింది అదే.

"అంటుకునేది కాదమ్మా," అంది డాక్టరమ్మ మంచం మీద కూర్చుని. "పూర్తిగా పోయేదీ కాదు. కానీ అణిచి పెట్టవచ్చు. వారం వారం పొట్ట మీద సూది, ఇంట్లో బిళ్లలు, కిడ్నీలు తేరుకున్నాక ఎముకల బలానికి నెలకొక సెలైను. నాలుగైదు నెలల్లో జబ్బు లొంగితే, నీ మూలకణాలే తీసి దాచి, గట్టి మందు ఇచ్చి, మళ్లీ నీకే ఎక్కిస్తాం. అది వద్దనుకుంటే మందులతోనే నడపవచ్చు. తిరగబెడితే వేరే మందులున్నాయి. ఏళ్ల తరబడి బతుకుతున్నవాళ్లను నేను చూస్తున్నాను."

అన్ని మాటల్లో కృష్ణమ్మ బతుకును కాదు, పగ తీర్చుకునే దారిని వెతుక్కుంది!

మర్నాడు పొద్దున ఎనిమిదింటికల్లా శివపార్వతి వచ్చేసింది. నిన్నటి చీరే, దువ్వని తల, చేతిలో బట్టల సంచి. చిన్నప్పుడు బడికి సూదులేయడానికి వస్తే గోడ దూకి పారిపోయిన మనిషి!

"ఏమీ తినలేదక్కా. కడుపు ఖాళీగా ఉండాలంటారు గదా..." అంది మంచం పక్కన నిలబడి. "ఏ పక్క తీస్తారు? రెండు పక్కలా తీసుకోమను."

కృష్ణమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. "మీ ఆయన పంపినాడా?"

"వద్దన్నాడు. కాళ్లు పడిపోతాయన్నాడు. పడిపోతే ఏంది, నాది కూర్చునే పనే గదా!" నవ్వబోయి ఏడ్చేసింది పార్వతి. "నీ సంగతి తెలిసినప్పట్నుంచి నడుం నొప్పని వచ్చినోళ్లందర్నీ రక్తపరీక్షకు తరుముతాండా. దుకాణం మూయిస్తావా అని ఆయన ఒకటే అరుపు..."

అంతలో నర్సు సూది పట్టుకుని వచ్చింది. పార్వతి కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యి చాచింది.

"మీకెందుకమ్మా?" నర్సు ఆశ్చర్యపోయింది. "ఈమెకు ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదే! ఎవరు చెప్పారు మీకు?"

అనురాధ తల దించుకుంది. నర్సు కృష్ణమ్మ పొట్ట మీద సూది వేసి వెళ్లిపోయింది. పార్వతి అక్క వైపు తిరిగింది.

"నేను ఆ బిళ్లలు తెలీక ఇచ్చినా అక్కా," అంది. "నువ్వు తెలిసి చెప్పినావు."

ఇన్నాళ్లూ కూడబెట్టుకున్న తిట్లలో ఒక్కటీ నోటికి రాలేదు కృష్ణమ్మకు! రాదనుకున్న చెల్లెలు వచ్చింది... వచ్చి, ఉన్న పగనంతా ఊడ్చుకుపోయింది! పార్వతి సంచి అందుకుని గుమ్మం దాకా పోయింది.

"ఒసే! తిని పో."

పార్వతి వెనక్కి తిరగలేదు. భుజాలు కదులుతున్నాయి.

"తప్పు చేసినానే. రాత్రంతా ప్రయాణం చేసి ఆకలి మీద వచ్చినావు... ఈ ఇడ్లీ తిను."

పార్వతి వచ్చి మంచం అంచున కూర్చుంది. ఏడుస్తూనే తింది.

"నీ నవ్వు మీద నాకింకా కోపం పోలేదే," అంది కృష్ణమ్మ.

"నీ అబద్ధం మీద నాకూ పోలేదు."

"ఇది తీరాలంటే శానా ఏళ్లు పడుతుందే, పార్వతీ!"

"పట్టనీ," అంది చెల్లెలు, అక్క పమిట చెంగుతోనే కళ్లు తుడుచుకుంటూ. "అన్నేళ్లూ ఉండు."