మర దానంతటదే వదులవదు

టోబీ షుల్జ్ బార్లీ నలగ్గొట్టే ఆ మరను కౌంటర్ మీద దించిన చప్పుడుకి అలమరలో ఖాళీ సీసాలన్నీ గలగలమన్నాయి.

"ఇదిగో, మీరు అంటగట్టిన మర. ఉత్త చెత్త!"

కౌంటర్ వెనక మెరిన్ ట్రెగెంజా నింపాదిగా తలెత్తింది. కడైనా అనే ఆ ఊళ్లో ఇంట్లో బీరు కాచుకునే ప్రతివాడూ సరుకులకు ఆమె కొట్టుకే రావాలి. వచ్చి అరిచినవాళ్లను ఆమె చాలామందినే చూసింది.

"అంటగట్టానా? మూడు రోలర్లదే కావాలని మీరు పట్టుబట్టారు. కొత్తవాళ్లకు రెండు చాలు, ఉక్కు రోలర్లు తీసుకోండి, వాటి మధ్య సందు సర్దుకోవడం తేలిక అన్నాను. అంతేగా?"

"అంతే. ఫలితం చూడండి." టోబీ ఒక సంచీ విప్పి ఆమె ముందుకు తోశాడు. లోపల తెల్లగా, మెత్తగా బార్లీ పిండి.

మెరిన్ చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపింది. "కేకు చేస్తున్నారా?"

"జోకులొద్దు. వేడినీళ్లలో పోస్తే సంకటైపోయింది. పీపా అడుగు కుళాయిలోంచి ఒక్క చుక్క రసం దిగితే ఒట్టు! గరిటె పట్టుకుని మూడు గంటలు కుస్తీ పట్టి, చివరికి పక్కవాళ్ల పందులకు పోశా."

"పందుల అదృష్టం. పొట్టు పొట్టుగా మిగిలితేనే రసం కిందికి దిగుతుంది. లోపలి గింజ మూడు నాలుగు ముక్కలైతే చాలు. మనకు కావాల్సింది నూక, పిండి కాదు. సందు ఎంత పెట్టారు?"

"మీరు చెప్పినంతే. ఒకటి పాయింట్ ఒకటి మిల్లీమీటరు. మా తాత ట్రాక్టర్‌కి వాడిన గేజుతో కొలిచి మరీ పెట్టా."

అతను ఛాతీ విరుచుకుని జేబులోంచి గేజు తీశాడు. విసనకర్రలా విచ్చుకునే సన్నటి ఉక్కు రేకులు, ఒక్కో రేకు మీద ఒక్కో అంకె. "ఇదిగో, పదకొండు. ఒకటి పాయింట్ ఒకటి!"

మెరిన్ ఆ రేకును వెలుతురుకు పట్టి చూసింది. ఆమె పెదవులు బిగిశాయి. బుగ్గలో సొట్ట పడింది. ఆ సొట్టను టోబీ చూడకూడదనుకుంటూనే చూశాడు.

"మీ తాతగారి ట్రాక్టర్ ఏ కాలంది?"

"ఎప్పటిదో. అంగుళాల కాలంది."

అనేసి నాలుక్కరుచుకున్నాడు.

"గేజు కూడా ఆ కాలందే సార్. ఇవి అంగుళంలో వెయ్యో వంతులు. మీరు పెట్టిన సందు నేను చెప్పినదాంట్లో పావు వంతు."

మొహం ఎక్కడ పెట్టుకోవాలో టోబీకి తెలియలేదు. కోపమంతా చల్లారిపోయింది. మరను ఎత్తుకుని రెండడుగులు వేసి, ఆగాడు.

"సగం బస్తా మిగిలింది," అన్నాడు.

"ఇక్కడ ఇంకో బస్తా దొరుకుతుందిగా?"

"ఇలాంటిది దొరకదు. అది మా చేలో పండిన బార్లీ. ఒక తెలిసినాయన్ని బతిమాలి మొలకెత్తించి ఆరబెట్టించా. మా నాయనమ్మ, మా ఓమా, అరవయ్యేళ్లుగా లారీ వెనక నిలబడి బార్లీని సాగనంపుతోంది. మన గింజతో కాచిన బీరు ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలిరా అంటుంది. వచ్చే నెల ఆవిడ ఎనభయ్యో పుట్టినరోజు. ఈ శనివారం కాచకపోతే ఆ రోజుకి అందదు. ఇదీ సంకటైతే ఇక అంతే."

మెరిన్ ఇక నవ్వలేదు.

"శనివారం పదింటికి వస్తా. మీరు దేన్నీ కొలవకండి."

అన్నమాట ప్రకారం వచ్చింది. షెడ్డులో బల్లకు మర బిగించి, తన గేజుతో రెండు కొసల్లోనూ సందు చూసింది. గుప్పెడు గింజలు పోసి చేత్తో తిప్పించి, పడిన నూకను అరచేతిలో పరిచి టోబీ ముక్కు కిందికి తెచ్చింది.

"గేజుది మొదటి మాట. గింజది ఆఖరి మాట. చూడు, ఇక్కడ రెండు గింజలు చెక్కుచెదరలేదు. వెంట్రుకవాసి బిగించాలి."

మీరు కాస్తా నువ్వు అయిపోయిన సంగతి టోబీ గమనించాడు, కానీ ఎత్తి చూపితే మళ్లీ మీరు అయిపోతుందేమోనని ఊరుకున్నాడు.

రెండోసారి నూక ముచ్చటగా పడింది. పొట్టు విడిగా, గింజ ముక్కలుగా. అతను వేడినీళ్లు తేవడానికి వెళ్లి వచ్చేసరికి ఆమె మర ముందు వంగి ఏదో చేస్తోంది.

"ఏంటది?"

"ఏం లేదు. నీళ్లు ఒలకబోయకు."

గంట తరవాత అడుగు కుళాయి తిప్పితే తేనెరంగు రసం ధారగా దిగింది. టోబీ ఆనందంతో ఆమెను చుట్టేయబోయి, ఆఖరి నిమిషంలో గరిటె అందుకున్నాడు. బయట గులాబీరంగు గలా చిలకలు రాలిన గింజల కోసం దెబ్బలాడుకుంటున్నాయి.

మంగళవారం అతను మళ్లీ కొట్టులో ప్రత్యక్షమయ్యాడు, చంకలో మరతో.

"సందు వదులైంది."

మెరిన్ చూసింది, సర్దింది, ఇచ్చింది. పై మంగళవారమూ వదులైంది. ఆ పై వారం మరీ వదులైంది.

"పాపం, నీకే ఎందుకో ఇలా," అంటూ సర్దింది. ఒక్క ప్రశ్న అడగలేదు. తన తెలివికి తనే మురిసిపోతూ టోబీ ఇంటికెళ్లాడు.

ఆదివారం మధ్యాహ్నం ఊరి హాల్లో ఓమా పుట్టినరోజు. టోబీ మొదటి గ్లాసు ఆమె చేతికిచ్చి ఊపిరి బిగబట్టాడు. ఆవిడ ఒక గుక్క తాగి కళ్లు మూసుకుంది. ఇంకో గుక్క తాగింది.

"మన చేనేరా," అంది. "ఇన్నాళ్లూ ఇంత మంచి గింజనా ఊరికే పంపేశాం!"

టోబీ కళ్లు తుడుచుకుని పక్కనున్న మెరిన్ వైపు తిరిగాడు. ధైర్యం పొంగుకొచ్చింది. "అన్నట్టు, మర మళ్లీ వదులైంది. మంగళవారం తెస్తా."

మెరిన్ బొటనవేలు అతని కళ్లముందు పెట్టింది. గోటికి ఎర్రరంగు.

"ఆ శనివారం సందు సర్దే పిడికీ మర చట్రానికీ కలిపి అడుగున ఈ రంగు చుక్క పెట్టా. తిప్పితే చుక్క రెండు ముక్కలవుతుంది. పై స్క్రూ బిగించాక మర దానంతటదే వదులవదు టోబీ. ఎవరో తిప్పాలి."

హాలంతా నిశ్శబ్దమైపోయినట్టనిపించింది అతనికి. నిజానికి అందరూ గోలగోలగానే ఉన్నారు.

"మొదటిసారి నిజంగానే పొరపాటు," అన్నాడు. "మిగతా మూడుసార్లు నేనే. నిన్ను చూడ్డానికి. నువ్వంటే నాకు చాలా ఇష్టం మెరిన్. తెలిసి కూడా ఎందుకు సర్దావు?"

"సర్దకపోతే నువ్వు మళ్లీ రావుగా!"

ఓమా గ్లాసు బల్లమీద పెట్టింది. "మీ తాత ఏడాదిపాటు నా కుట్టుమిషను బాగుచేశాడు. ఆ గేజుతోనే. అది పాడైతేగా!" మెరిన్ చేతిని దగ్గరికి లాక్కుంది. "వీడు అంత కాలం తీసుకోకుండా చూడమ్మా."

మెరిన్ బుగ్గలో సొట్ట పడింది.

"మంగళవారం రా," అంది టోబీతో. "మర ఇంట్లో పెట్టి రా."