నాన్న వినని సోలో

"నా సోలో ఏమైంది?"

షో అయిపోయాక కేబుళ్ళు చుట్టుకుంటున్న నేను తలెత్తి చూశాను. ఎదురుగా పిడుగు. ఊళ్ళో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఎలక్ట్రిక్ గిటార్ మగవాళ్ళ సొత్తనుకునే రోజుల్లో సొంతంగా రాక్ బ్యాండ్ పెట్టిన మొదటి అమ్మాయి. ఆమెను చూసే ఎంతోమంది ఆడపిల్లలు గిటార్ పట్టారు. సౌండ్ చూసుకునే పనికి కొత్తగా చేరిన నేను మాత్రం ఆమెను చూడడం ఆ రోజే మొదటిసారి.

"బాగానే వినిపించిందిగా," అన్నాను.

"వినిపించింది మా బ్యాండులోని గడ్డం అబ్బాయిది. మీరు పెంచింది అతని గిటార్."

సౌండ్ మిక్సర్ వైపు చూసి నాలుక కరుచుకున్నాను. అమ్మాయి పాడుతుంది, పక్కన అబ్బాయి ఒక్కడే గిటార్ మీద సోలో వాయిస్తాడు అని నాకు నేనే తీర్మానించుకుని అతని గిటార్ మీట పైకి తోశాను.

"సారీ అండీ. ఈసారి షోలో..."

"ఈసారి మా నాన్న రాడు." గొంతులో కోపం కరిగిపోయింది. "ఆడపిల్లకి ఇదేం పని అని ఇన్నాళ్ళూ రాలేదు. ఇవాళ ఎలాగో వచ్చాడు. వచ్చి ఏమన్నాడో తెలుసా? వేళ్ళు నువ్వు ఆడించావు గానీ వాయించింది ఆ అబ్బాయే కదమ్మా అన్నాడు. విని నచ్చలేదంటే ఊరుకునేదాన్ని. అసలు వినలేదు."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాడు చొక్కా గుడ్డ ఒకటి కొనుక్కుని ఆమె నాన్నగారి టైలరింగ్ షాపు ఎక్కడో కనుక్కుని వెళ్ళాను. ఆయన మెడలో టేపు తీసి నా ఛాతీ చుట్టూ వేశారు.

"నిన్న షోలో సౌండ్ చూసింది నేనేనండీ," అన్నాను.

"ఊపిరి బిగబట్టకు బాబూ, కొలత తప్పుతుంది."

"సోలో వాయించింది మీ అమ్మాయేనండీ. నేను పొరపాటున పక్కవాడిది పెంచాను."

టేపు కాస్త బిగిసింది. "అది పంపిందా నిన్ను?"

"అయ్యో, తెలిస్తే చంపేస్తుంది."

"తెలిసింది," అంది గుమ్మంలోంచి పిడుగు. చేతిలో నాన్నకి తెచ్చిన క్యారియర్ ఉంది. "నా తరఫున వకాల్తా పుచ్చుకోమని మిమ్మల్ని ఎవరు అడిగారు?"

"తప్పు నాది. దిద్దుకోవద్దా?"

"చొక్కా వంక పెట్టుకుని మరీనా?"

"చొక్కా కూడా కావాలండీ."

ఆమె పెదవి కొరికి నవ్వు ఆపుకుంది. నా మనసు అక్కడే జారిపోయింది.

పెద్దాయన కూతురి చెయ్యి పట్టుకుని వేళ్ళ కొసలు చూశారు. తీగలు నొక్కి నొక్కి కాయలు కాశాయి. "నా వేళ్ళ లాగే అయ్యాయే," అన్నారు. "సరే, ఇంకోసారి వస్తాను."

ఆ తర్వాత ప్రతి రిహార్సల్‌కీ వెళ్ళాను. ఒక్క ముక్క సరిగ్గా కుదిరేదాకా పిడుగు దాన్ని వదిలేది కాదు. మిగతావాళ్ళు టీకి వెళ్ళిపోయినా ఆమె వాయిస్తూనే ఉండేది. అంత ఓపిక నేనెక్కడా చూడలేదు. దారిలో చొక్కా బిగుతైందనో వదులైందనో టైలరింగ్ షాపుకీ వెళ్ళొచ్చేవాణ్ణి.

షో రోజున పెద్దాయన మెడలో టేపుతోనే వచ్చి నా పక్కన కూర్చున్నారు. నేను టాక్‌బ్యాక్ బటన్ నొక్కి, "రెడీయేనా?" అని అడిగాను. అది నొక్కితే నా మాట స్టేజీ మీదివాళ్ళ ఇయర్‌ఫోన్లలో వినిపిస్తుంది. పిడుగు తలూపింది.

రెండు పాటల మధ్య పెద్దాయన నా వైపు వంగారు. "ఒక్క చొక్కాకి ఇన్నిసార్లు తిరిగినవాణ్ణి నిన్నే చూశాను. మా అమ్మాయంటే ఇష్టమా?"

"చాలా ఇష్టమండీ. ఆవిడతో చెప్పే ధైర్యమే లేదు."

స్టేజీ మీద పిడుగు చటుక్కున నా వైపు చూసింది. అప్పుడు గమనించాను, పెద్దాయన మోచెయ్యి టాక్‌బ్యాక్ బటన్ మీద ఉంది. నా ముఖం కందగడ్డ అయింది.

ఆమె మైకు దగ్గరికొచ్చింది. "సౌండ్ బాబూ, చెప్పేశారుగా. నాకు అభ్యంతరం లేదు. ముందు నా గిటార్ పెంచండి."

హాలంతా గొల్లున నవ్వింది. నేను పెద్దాయనకి ఆమె గిటార్ మీట చూపించాను. "ఇదండీ. మీరే తొయ్యండి."

ఆయన ఒక్క వేలితో తోశారు. ముందు ఒక్క తీగ మోగింది. ఆ వెనకే వాన కురిసినట్టు స్వరాలు హాలంతా కమ్ముకున్నాయి. జనం లేచి నిలబడ్డారు. పెద్దాయన కళ్ళు తుడుచుకున్నారు.

"ఇదంతా మా అమ్మాయేనా?"

"అంతా ఆవిడేనండీ."

"ఇంకా పెరుగుతుందా బాబూ?"

"పెరుగుతుంది మావయ్యా," అని నోరు జారాను.

ఆయన నా వైపు ఓసారి చూసి, మీట ఇంకొంచెం పైకి తోశారు.