సన్యాసి పీతల వరస

పీతల పాఠం వచ్చిందంటే చాలు, ప్రొఫెసరమ్మ గొంతులోకి ఎక్కడలేని హుషారూ వచ్చేసేది.

"సన్యాసి పీతకి వెనకభాగం మెత్తన. కప్పుకోవడానికి సొంత డొప్ప లేదు. చచ్చిన నత్త వదిలేసిన గుల్లలో దూరి కాపురం పెడుతుంది. ఎక్కడైనా పెద్ద గుల్ల ఖాళీగా కనపడిందా, చుట్టుపక్కల పీతలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని వరస కడతాయి. పెద్దది ముందు, చిన్నది చివర. ముందుది కొత్త గుల్లలోకి మారగానే దాని పాత గుల్లలోకి రెండోది, రెండోదాని గుల్లలోకి మూడోది... చిటికెలో అందరి ఇళ్ళూ మారిపోతాయి. చివరికి అన్నిటికంటే చిన్న గుల్ల మిగిలిపోతుంది."

"సామాను మోసేదెవరు మేడమ్?" అని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు. అందరూ గొల్లుమన్నారు.

ఆ పిల్లలే చాటుగా ఆవిడకి భూతద్దం అని పేరు పెట్టారు. ఎవరేం రాసిచ్చినా ఆవిడకి ముందు అనుమానం, తర్వాతే చదవడం.

ఈసారి ఆ అనుమానం ఆవిడ దగ్గర నాలుగేళ్ళుగా పరిశోధన చేస్తున్న అమ్మాయి మీద పడింది. థీసిస్ చివరి అధ్యాయంలో ఆ పిల్ల వింత సంగతి రాసింది. పీతల్ని పెంచే గాజు తొట్టిలో ఖాళీ గుల్ల ఒక్కటి కూడా లేదట. అయినా పీతలు వరస కడుతున్నాయట! ఇవాళ సాయంత్రం అయిదులోగా దాని మీద ప్రొఫెసరమ్మ సంతకం పడకపోతే నాలుగేళ్ళ చాకిరీ గంగపాలే.

అప్పటికే రెండు వారాలుగా కాపు కాస్తోంది ప్రొఫెసరమ్మ. తొట్టి పక్క కుర్చీలో తను కూర్చున్న రోజు వరస లేదు. ఆ పిల్ల కూర్చున్న రోజు మాత్రం ఉంది, అదీ కుర్చీ వైపు అద్దం దాకా.

"నిజం చెప్పవే. అద్దానికి ఏం రాస్తున్నావ్?"

"ఏం రాయలేదు మేడమ్. మా అమ్మ మీద ఒట్టు."

"ఒట్లు పెడితే థీసిస్ అయిపోతుందా?"

"నాకే భయంగా ఉంది మేడమ్. కుర్చీ అటు జరిపితే... వరస కూడా అటే జరుగుతోంది."

"కథలు నా దగ్గరా! పద, ఇప్పుడే తేల్చేద్దాం."

మధ్యాహ్నం మూడైంది. తొట్ల గది నేలమాళిగలో ఉంది. కిటికీల్లేవు. ఉప్పునీటి వాసన, తడిసిన రబ్బరు గొట్టాల వాసన. గాలి పంపుల బుడబుడ ఎడతెగకుండా వినిపిస్తోంది. ప్రొఫెసరమ్మ తనే అద్దం తుడిచింది, నీళ్ళు మార్చింది, ఆ పిల్ల అరచేతులు తిప్పి తిప్పి చూసింది. పదకొండు పీతలు. గుల్లల మీద తెల్ల రంగుతో నంబర్లు. అన్నిటికంటే పెద్దది ఒకటో గుల్లలో, ముందుకాలు విరిగింది రెండో గుల్లలో. మూత పెట్టి, దాని మీద కాగితం అతికించి, అడ్డంగా సంతకం చేసింది.

"చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చో. కదిలావో, థీసిస్ మీద సంతకం సంగతి మర్చిపో."

అమ్మాయి కూర్చుంది. పీతలు కదిలాయి. ఒకటో నంబరు నెమ్మదిగా కుర్చీ వైపు వచ్చి అద్దానికి ఆనుకుంది. దాని వెనక రెండు. దాన్ని పట్టుకుని మూడు...

"మేడమ్, నన్ను పోనివ్వండి. సంతకం వద్దు, ఏం వద్దు. పోతాను మేడమ్."

ఆ మాటతో ప్రొఫెసరమ్మకి అనుమానం కాస్తా రూఢి అయిపోయింది. తప్పు చేసినవాళ్ళే కదా పారిపోవాలని చూసేది!

"నోర్మూసుకుని కూర్చో," అని తలుపు గడియ వేసింది.

అప్పుడే కరెంటు పోయింది.

పంపులు ఆగిపోయాయి. బుడబుడ లేదు. చెవులు మూసుకుపోయినంత నిశ్శబ్దం.

ముందు ఒక మెత్తటి చప్పుడు... తడిబట్ట నేల మీద పడినట్టు.

"అమ్మా..." సన్నగా వినిపించి ఆగిపోయింది.

తర్వాత టక్... టక్... టక్... గుల్లకి గుల్ల తగులుతున్న చప్పుడు. ప్రొఫెసరమ్మ అలవాటుకొద్దీ లెక్కపెట్టింది. పది.

దీపాలు వెలిగాయి.

అమ్మాయి చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. మూత మీద కాగితం చెక్కుచెదరలేదు. ఒకటో గుల్లలోంచి విరిగిన ముందుకాలు బయటికొచ్చింది. పదకొండో గుల్ల ఖాళీ.

"పెద్దది ఏదే?"

"ఎక్కడికి పోతుంది మేడమ్? ఉంటుందిలెండి."

ఇందాకటి వణుకు ఆ గొంతులో లేదు.

ప్రొఫెసరమ్మ గడియ తీసి, మెట్లెక్కి తన గదికి వచ్చింది. మోసం లేదు, కళ్ళారా చూసింది. అనవసరంగా పిల్లని ఏడిపించానే అని సిగ్గేసింది. అమ్మాయి వెనకే వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆవిడ కలం మూత తీసింది.

ఫోన్ మోగింది. ఆ అమ్మాయి తల్లి. వాళ్ళ ఊరు బస్సులో మూడు గంటల దూరం.

"మేడమ్ గారూ, మా పిల్లని ఏమన్నారండీ?" ఆవిడ ఏడుస్తోంది. "ఎప్పుడొచ్చిందో చూళ్ళేదు. మంచం కింద దూరింది. గొంతు దానిదే, మనిషి బయటికి రాదు. ఏదైనా కప్పమ్మా, ఏదైనా కప్పు అంటోంది. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కిందికి తోశానండీ... ఇంకా చాల్లేదంటోంది..."

ప్రొఫెసరమ్మ ఫోన్‌ని చెవికి గట్టిగా అదుముకుంది. అవతలి మాట ఒక్కటి కూడా బయటికి వినపడే వీల్లేదు.

ఎదుటి అమ్మాయి కాగితాలు నెమ్మదిగా ముందుకి జరిపింది.

"అమ్మకి చెప్పండి మేడమ్," అంది. "నేను ఇంటికి బయల్దేరుతున్నానని."