రోకటి పాట సిగ్నల్

తుపాకీ చప్పుడు ఎవరికీ వినబడలేదు. సైలెన్సర్ ఉంది.

2008 మార్చి. ఆర్మూర్ సిద్ధుల గుట్ట కింద, పసుపు ఉడకబెట్టే కడాయిల పక్కన ఏజెంట్ గంగాదాస్ ముందుకు ఒరిగిపోయాడు. చెవులకు హెడ్‌ఫోన్స్ అలాగే ఉన్నాయి.

అదే వారం హైదరాబాద్‌లో చీఫ్ ముందు నిలబడింది ఏజెంట్ సువార్త. ఆమెకు తుపాకీ పట్టడం నేర్పింది గంగాదాసే. ఊళ్లలో పాత పాటలు రికార్డు చేసి ఆన్‌లైన్ ఆర్కైవ్‌లో పెట్టడం అతనికి మొదట ఉత్త కవర్. పోనుపోను ఆ పాటలే అతని ప్రాణమయ్యాయి.

"ఆ ఆర్కైవ్‌లో ఆదివారాలు లైవ్‌గా వచ్చే టాక్ షోను విదేశీ ముఠా ట్రాన్స్‌మిటర్‌గా వాడుకుంటోంది," అన్నాడు చీఫ్. "టార్గెట్ పోచంపాడ్ డ్యామ్. బాంబు పెట్టేశారు. ఎక్కడో తెలియదు. పేల్చేవాళ్లు ముప్కాల్ దగ్గర కూర్చుని టాక్ వింటారు. ముఖాలు తెలియవు. చివర్లో, గంగాదాస్ రికార్డు చేసిన నీలవ్వ అనే ముసలామె పాట వస్తుంది. రోకటి పాటైతే అన్నీ వదిలేసి కమ్మర్‌పల్లి పసుపు గోదాముకు పారిపోవాలి. జోలపాటైతే పేల్చాలి."

"ఎవరు చెప్పారు?"

"దీక్షిత. టాక్ యాంకర్. ముఠాలో మన మనిషి. రోకటి పాట వేస్తుంది. గోదాములో కమాండోలుంటారు. నువ్వు ఆమెకు కాపలా."

"గంగాదాస్‌ను చంపినవాడు?"

"ముందు డ్యామ్."

"నాకు రెండూ కావాలి సర్."

ఆదివారం ఉదయం. ఆర్మూర్ బస్టాండ్ వెనుక అద్దె గదే స్టూడియో. టాక్‌కు అతిథి నీలవ్వ. ఆమె మనవరాలి వేషంలో సువార్త, కమ్మలో ఇయర్‌పీస్.

పట్టుచీర, నల్ల కళ్లజోడు, గదంతా సెంటు. దీక్షిత మైక్ ముందు కూర్చుని కళ్లజోడు తీసింది. నీలవ్వ ఉలిక్కిపడి సువార్త మోచేయి పట్టుకుంది.

"గీ పిల్లనే బిడ్డా!" గుసగుసలాడింది. "గా దినం గంగాదాసు సార్‌ను స్కూటీ మీద ఎక్కించుకపోయింది. జర సేపటికే సచ్చిండన్నరు."

"పోలీసులకు చెప్పలే?"

"నన్ను ఎవలడిగిండ్రు?"

సువార్త ఒళ్లు మండిపోయింది. హంతకురాలు దీక్షితే అయితే ఆమె ఇంకా ముఠా మనిషే, ఆమె చెప్పిన కోడ్ తలకిందులు. రోకటి పాట వస్తే డ్యామ్ పేలుతుంది. అదీ తన కాపలాలోనే!

"ఇప్పుడు నీలవ్వ గారి రోకటి పాట," దీక్షిత వేలు మౌస్ మీదికి వెళ్లింది.

సువార్త కంప్యూటర్ ఆడియో వైరు పీకేసింది. మైక్ నీలవ్వ ముందుకు నెట్టి చెవిలో చెప్పింది. "అవ్వా, జోలపాట అందుకో. గంగాదాస్ సార్ కోసం."

కోడ్ సంగతి నీలవ్వకు తెలియదు. ఆ పేరు చాలు. అందుకుంది.

దీక్షిత చేతిలో లిప్‌స్టిక్ పిస్టల్ అయింది. టప్! గోడ సున్నం రాలింది. మరుక్షణం సువార్త ఆమె నోరు మూసి మణికట్టు విరిచింది. నీలవ్వ పాట మాత్రం ఆగలేదు.

పాట అయ్యాక సువార్త మైక్ ఆపి, దీక్షితను కుర్చీకి కట్టేసి, ఇయర్‌పీస్‌లో చీఫ్‌కు విషయం చెప్పింది. వైరు మళ్లీ పెట్టి, వినేవాళ్లకు అనుమానం రాకుండా గంగాదాస్ రికార్డు చేసిన మిగతా పాటలు ఒక్కొక్కటే వేసింది. అంతసేపూ పిస్టల్ దీక్షిత నుదుటి మీదే ఉంది. ట్రిగ్గర్ నొక్కమని వేలు పోరుతూనే ఉంది.

చివరికి ఇయర్‌పీస్ పలికింది. "గోదాములో అందరూ దొరికారు. బాంబు ఎక్కడుందో వాళ్లతోనే చెప్పించి తీసేశాం."

"ఇంకేం, కాల్చు," అంది దీక్షిత.

సువార్త పిస్టల్ దించి మైక్ ఆన్ చేసింది. "జోలపాటతో మాకు ఎంతో సాయం చేసిన దీక్షిత గారికి భారత ప్రభుత్వం తరఫున ధన్యవాదాలు." మైక్ ఆపింది.

విదేశంలో ముఠా పెద్దలూ వింటున్నారు. దీక్షిత ముఖం పాలిపోయింది. "నన్ను బతకనియ్యరు! ప్రొటెక్షన్ ఇవ్వండి!"

"ఇస్తం. జైల్ల. గంగాదాస్ సార్ ఎనుకకు తిరిగి చూసుకోలే. నువ్వు బతికినన్ని దినాలు చూసుకుంటవ్."

స్క్రీన్ మీద మస్కట్ నుంచి ఓ శ్రోత కామెంట్: 'జోలపాట మస్తుంది. నడుమ టప్‌మన్నదేంది?'

సువార్త టైప్ చేసింది: 'చిన్న టెక్నికల్ ప్రాబ్లం. కుర్చీకి కట్టేసినం.'