ఆపరేషన్ ఎడంచెయ్యి

మధ్యాహ్నం రెండుంపావుకి ఏజెంట్ నంబర్ ఆరు హత్యకు గురయ్యాడు.

శవం రేవులో ఆగిన పంటు పడవ మీద దొరికింది. ఏజెంట్ ఆరు ఒక గూడబాతు. మామూలుగా గూడబాతులు వలలో చిక్కి చస్తాయి, లేదా ముసలితనం వచ్చి చస్తాయి. ఇతన్ని మాత్రం ఒంటినిండా గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు వేసి, అంచులు సరిచూసి మరీ బల్ల మీద పెట్టి వెళ్లారు. ముక్కు కింద ఒక చీటీ.

"ఇతను వంకరగా ఎగిరాడు."

కలల దేశంలో ఆ వారంలో ఇది మూడో ఇస్త్రీ హత్య.

సరిగ్గా అదే సమయానికి మన లోకంలో, రాజోలు దగ్గర ఒక ఊళ్లో, బ్లెస్సీ అనే పదకొండేళ్ల పిల్ల వరండాలో చాప మీద నిద్రపోయింది. 1997 మార్చి నెల. ఒంటిపూట బడులు. పొద్దున ఎడంచేత్తో లెక్క చేసిందని మాస్టారు బోర్డు దగ్గర నిలబెట్టారు. ఇంటికొస్తే ఇంకో పంచాయితీ. వాళ్ల వీధిలో ఆడవాళ్లంతా లేసు అల్లుతారు. కొక్కెపు సూదితో దారాన్ని పువ్వులుగా అల్లి, ఆ పువ్వులన్నీ కలిపి గౌన్ల కాలర్లూ, బల్ల గుడ్డలూ కుడతారు. అందరి పువ్వుల రేకులూ ఒకే వైపు తిరుగుతాయి. ఎడంచేత్తో అల్లిన బ్లెస్సీ పువ్వు రెండో వైపు తిరుగుతుంది. వరసలో పెడితే అదొక్కటే అందరితో తగువు పెట్టుకున్నట్టు ఉంటుంది.

"నాలుగింటికి పద్మావతిగారు సరుకు పట్టుకెళ్లడానికి వత్తారు. ఈలోపు కుడిచేత్తో ఒక్క పువ్వు అల్లి చూపించు. లేపోతే ఆ సూది ఇలా ఇచ్చెయ్. ఇంకెప్పుడూ ముట్టుకోనివ్వను" అంది వాళ్లమ్మ కృపమ్మ.

బ్లెస్సీ సూది ఇవ్వలేదు. కుడిచేత్తో అల్లనూ లేదు. సూదిని ఎడమ పిడికిట్లో బిగించి, గోడవైపు తిరిగి పడుకుంది.

కళ్లు తెరిచేసరికి మోకాలి లోతు బురదలో ఉంది. చుట్టూ మడ చెట్లు. ఎదురుగా ఒక బల్ల. బల్ల వెనక తాటికాయంత పీత. దాని కుడి కత్తెర వేలెడంత ఉంది. ఎడమ కత్తెర దాని ఒంటికన్నా పెద్దది.

"రామ్మా బ్లెస్సమ్మా. కూర్చో. బురదే కుర్చీ. నా పేరు వీరవెంకటరమణ. కోనసీమ కలల బ్యూరోకి చీఫ్‌ని."

"ఆయ్. నన్నెందుకు పిలిచేరండీ?"

"ఎడంచేతి ఏజెంటు కావాలి. అర్జెంటు." పీత తన పెద్ద కత్తెర ఎత్తి చూపించింది. "నాకూ ఎడమే. ఇరవయ్యేళ్లుగా మా ఆవిడ సాధిత్తానే ఉంది. మన డిపార్టుమెంటులో తిన్నగా నడిచినోడు ఒక్కడు లేడు తల్లీ. అదే మన క్వాలిఫికేషను."

బ్లెస్సీకి ఆ రోజు మొదటిసారి నవ్వొచ్చింది.

పీత బ్రీఫింగ్ మొదలుపెట్టింది. శత్రువు స్క్వేర్‌లాండ్ అనే పరాయి దేశపు ముఠా. నాయకుడు కల్నల్ ఇస్త్రీ. వీళ్లు కొబ్బరి తలల మీదుగా, దేశం మొత్తాన్ని కప్పేసేలా ఒక లేసు వల పరిచారు. తొమ్మిది వందల తొంభై తొమ్మిది పువ్వులు పూర్తయ్యాయి. వెయ్యో పువ్వు నాలుగింటికి పెట్టి తాడు లాగుతారు. వల బిగుస్తుంది. ఇక ఆ క్షణం నుంచి ఏ పిల్ల కళ్లు మూసుకున్నా వచ్చేది ఒకే ఒక్క కల.

"ఏం కలండీ?"

"వరసలో నిలబడ్డం."

"తరవాత?"

"తరవాతేముందీ, ఇంకా నిలబడ్డమే."

పీత గొంతు తగ్గించింది.

"చివరి పువ్వు ఒక పిల్ల సొంత చేత్తో అల్లాలి. అది వాళ్ల రూలు. ఆ పిల్లగా వెళ్లేది నువ్వే. తాడు లాగితే అన్ని పువ్వులూ బిగుత్తాయి. ఎదురు తిరిగిన నీ పువ్వు వదులవుద్ది. ఒక్కచోట వదిలిందా, మొత్తం ఊడిపోద్ది."

"దొరికిపోతే అండీ?"

పీత కళ్లు రెండూ లోపలికి పోయి మళ్లీ బయటికొచ్చాయి. "నీ ఎడంచేతికి గంజి పెట్టి ఇస్త్రీ చేసేత్తారు. నిద్ర లేచినా ఆ చెయ్యి మళ్లీ నీ మాట వినదు. భయమైతే చెప్పు, ఇప్పుడే లేపేత్తాను."

"భయమేనండి. అయినా వెళ్తాను."

"శభాష్. నీ మారుపేరు కీర్తి. క్లాసు ఫస్టు, కుడిచెయ్యి. అక్కడ ఏం అందుకున్నా కుడిచేత్తోనే అందుకో. ఇదిగో ఈనె వైర్‌లెస్, జడలో దోపుకో. ఇదిగో బొండాం. లోపల గోదారి నీళ్లు. గంజికి అంతకు మించిన మందు లేదు. ఇంకో సంగతి. అక్కడ మిస్ పద్మావతి అని ఒకావిడుంటాది. మంగళవారం మన మనిషి, బుధవారం వాళ్ల మనిషి."

"ఇవాళ శనివారమండి."

"అదే తేలక చత్తన్నాం."

రెండు తాటికాయల చక్రాల బండి బ్లెస్సీని గట్టు మీదుగా, కొబ్బరి నీడల్లోంచి, వంతెన లేని కాలవల మీదుగా ఎగరేసుకుపోయింది. మూడుంపావుకల్లా శత్రువుల లంకలో దించింది.

ఆ లంకలో కొబ్బరి చెట్లన్నీ స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. ఒక్కటి కూడా నీటి మీదికి వంగలేదు. ఆకాశమంతా తెల్లటి లేసు. మధ్యలో పళ్లెమంత ఖాళీ. ఆ కన్నంలోంచే ఎండ పడుతోంది.

గేటు దగ్గర ఇద్దరు కాపలావాళ్లు. అట్టముక్కల్లా పల్చగా ఉన్నారు. పక్కకి తిరిగితే కనబడరు.

"పేరు?"

"కీర్తి అండి. క్లాసు ఫస్టు."

"ఏ చెయ్యి?"

"కుడి అండి."

"మంచిది. ఇదిగో" అంటూ వాడు ఉన్నట్టుండి కొబ్బరి లౌజు ముక్క ఒకటి గాల్లోకి విసిరాడు.

కొబ్బరి లౌజు నేలపాలు కానిచ్చే పిల్ల కోనసీమలో పుట్టలేదు. బ్లెస్సీ గాల్లోనే పట్టుకుంది.

ఎడంచేత్తో.

ఈలలు మోగాయి. పల్చటి చేతులు నాలుగు ఆమె భుజాల మీద పడ్డాయి. జడలోని ఈనె తీసి విరిచేశారు. అప్పుడు గేటు లోపలనుంచి సెంటు వాసన వచ్చింది. వెనకే ఒక ఆడమనిషి. నల్ల గాగుల్స్, నెమలికంఠం రంగు పట్టుచీర, మోచేతుల దాకా లేసు గ్లవ్స్.

ప్రతి నెలా లూనా మీద వచ్చి వాళ్లమ్మ దగ్గర సరుకు పట్టుకెళ్లే పద్మావతిగారే! ఆవిడ ఇంత అందంగా ఉంటుందని బ్లెస్సీ ఎప్పుడూ గమనించలేదు.

"వదలండి. ఈ పిల్ల నాది. బొండాం ఉంచండి, దాహమేస్తది పాపం. కల్నల్‌గారు చూడాలంటన్నారు" అంది మిస్ పద్మావతి.

"మీరు ఎవరి మనిషండీ?" బ్లెస్సీ లోగొంతుకతో అడిగింది.

"నోరు మూసుకుని నడు."

కల్నల్ ఇస్త్రీ కప్పు లేని పెద్ద హాల్లో నిలబడి ఉన్నాడు. అతని ముఖం మీద ముడత లేదు. నవ్వితే కూడా పడలేదు. చేతిలో ఇత్తడి ఇస్త్రీపెట్టె. అందులో కొబ్బరి చిప్పల బొగ్గులు కణకణలాడుతున్నాయి. పక్కనే గంగాళం నిండా గంజి.

"ఎడంచెయ్యా? సంతోషం. వంకరవాళ్లని సరిచెయ్యడమే మా హాబీ" అన్నాడు కల్నల్. "చూడు పాపా. ఆ చివరి పువ్వు కుడిచేత్తో అల్లు. అల్లితే బడిలో ఎవరూ నవ్వరు. బోర్డు దగ్గర నిలబెట్టరు. మీ అమ్మ నిన్ను చూసి తల కొట్టుకోదు. నిన్ను అందరూ తమలో కలుపుకుంటారు. వరసలో నీకో చోటు."

ఎవరూ వెక్కిరించకుండా ఒక్కరోజు గడిస్తే ఎలా ఉంటుందో బ్లెస్సీకి తెలియదు. తెలుసుకోవాలని చాలాసార్లు అనిపించింది కూడా.

"నేను ఎడంచేత్తో అల్లితే మీకేం నష్టమండీ?" అంది చివరికి.

"ఏంటి?"

"నా చెయ్యి దాని పని అది చేసుకుంటంది. మీ అన్నం తినట్లేదు, మీ గుడ్డలు తొడుక్కోట్లేదు. మీకెందుకండీ అంత బాధ? వరసలో నాకు చోటొద్దు. మీరే నిలబడండి."

హాల్లో పల్చటివాళ్లందరూ ఒక్కసారి రెపరెపలాడారు.

కల్నల్ ఇస్త్రీపెట్టె ఎత్తాడు. "పద్మావతీ! ఎడంచెయ్యి కుర్చీకి కట్టు. కుడిచేతికి సూది ఇవ్వు. నాలుగింటికల్లా పువ్వు రాకపోతే చెయ్యి గంజిలో ముంచు."

మిస్ పద్మావతి వంగి తాడు కట్టింది. కడుతూ ఆవిడ బ్లెస్సీ చెవి దగ్గర, పెదవి కదపకుండా అడిగింది.

"పీత ఎటు నడుస్తది?"

అది బ్యూరో కోడ్ అని బ్లెస్సీకి ఎవరూ చెప్పలేదు. జవాబు మాత్రం తెలుసు.

"తనకి నచ్చినటు అండి."

పద్మావతి గాగుల్స్ వెనక కళ్లు ఎలా ఉన్నాయో కనబడలేదు. అయితే ఆవిడ వేసింది పడవవాళ్లు రేవులో వేసే జారుముడి. కొస పట్టుకు లాగితే ఊడిపోయే ముడి. ముడి వెయ్యడానికి ఆవిడ కుడి గ్లవ్ ఏ మాత్రం సాయం చెయ్యలేదని బ్లెస్సీ గమనించింది. పనంతా ఎడంచెయ్యే చేసింది.

"కల్నల్‌గారండీ, ఈ పిల్లకి ఎండ పడతంది. చూపానదు" అంటూ పద్మావతి చీర కొంగు విప్పి, తెరలా పట్టుకుని ముందు నిలబడింది.

కొంగు చాటున ముడి జారింది. సూది చేతులు మారింది. గొలుసు, గొలుసు మీద గొలుసు, దాన్ని ముడేసి గుండ్రం, గుండ్రం చుట్టూ రేకులు. వెక్కిరింపులు, చీవాట్లు, బోర్డు దగ్గర నిలబడ్డ గంటలు, అన్నీ ఆ వేళ్లు దారంలోకి లాగేశాయి. బ్లెస్సీ ఎప్పుడూ అంత వేగంగా అల్లలేదు.

నాలుగవడానికి ఒక్క నిమిషం.

కల్నల్ పువ్వు అందుకున్నాడు. స్కేలు పెట్టి కొలిచాడు. అడ్డం సరి. నిలువు సరి. రేకులు ఎనిమిది, సరి. ఎటు తిరుగుతోందో మాత్రం చూడలేదు. ఎవరైనా రెండో వైపు తిరగగలరన్న ఊహే అతని ముఖం మీద ఎప్పుడూ ముడత వెయ్యలేదు. ఇస్త్రీ చేసి, నిచ్చెనెక్కి, ఆకాశం మధ్య ఖాళీలో బిగించాడు. హాలు చీకటైంది.

"లాగండి!"

వందమంది పల్చటివాళ్లు తాడు లాగారు. కొబ్బరి తలల మీద తొమ్మిది వందల తొంభై తొమ్మిది పువ్వులు కిర్రుమని ఒకే వైపు తిరిగి బిగుసుకున్నాయి. వెయ్యోది కదల్లేదు.

తరవాత మెల్లిగా, తీరిగ్గా, అది రెండో వైపు తిరగడం మొదలుపెట్టింది.

టప్‌మని ఒక దారం తెగింది. దాని పక్కది వదులైంది. దాని పక్కది. ఆకాశం జర్రున ఊడిపోయి, తెల్లటి దారం కుప్పలు కుప్పలుగా లంక మీద పడింది. ఎండ విరగబడి వచ్చింది. కొబ్బరి చెట్లు ఒళ్లు విరుచుకుని, తమకి ఇష్టమైన వైపు వంగాయి.

"ఎడం! ఎడంచేత్తో అల్లింది!" అంటూ కల్నల్ నిచ్చెన మీంచి దూకి, ఇస్త్రీపెట్టెతో ఆమె చేతి మీదికి వచ్చాడు.

బ్లెస్సీ బొండాం తీసి అతని ముఖాన నీళ్లు కొట్టింది. ఎడంచేతి గురి తప్పలేదు. గోదారి నీళ్లు తగలగానే కల్నల్ గంజి వదిలి, తడిగుడ్డలా కుప్పకూలాడు. ముఖం నిండా ముడతలే. మిగిలిన నీళ్లు పద్మావతి రేవులో ఉన్న పంటు మీదికి పంపించింది. కాసేపటికి రేవులోంచి ఒక గూడబాతు లేచి, వంకరటింకరగా ఎగురుకుంటూ పోయింది.

"ఇంతకీ ఇవాళ మీరు ఎవరి మనిషండీ?" అంది బ్లెస్సీ.

మిస్ పద్మావతి ఎడంచేతి గ్లవ్ విప్పింది. మణికట్టు మీద పాత తాడు గుర్తు కనబడింది.

ఇంతలో లూనా హారన్ మోగింది.

బ్లెస్సీ చాప మీద లేచి కూర్చుంది. గడియారం నాలుగు కొడుతోంది. ఎడమ పిడికిట్లో సూది ఉంది. సూదికి ఎనిమిది రేకుల పువ్వు వేలాడుతోంది. వాకిట్లో పద్మావతిగారు లూనా స్టాండు వేసి, చెంగుతో ముఖం తుడుచుకుంటున్నారు.

"కుడిచేత్తోనేనా?" అంటూ కృపమ్మ పువ్వు లాక్కుని చూసింది. ముఖం మాడిపోయింది. "అయ్యో, మళ్లీ ఎదురేనే! చిన్నపిల్లండి పద్మావతిగారూ, ఏమనుకోకండి. సూది లాగేసుకుంటాను."

"ఏమనుకున్నా నేనల్లేది ఇలాగేనండి" అంది బ్లెస్సీ. "ఒక్కసారి చూసి అప్పుడు తిట్టండి."

అమ్మ చేతిలోంచి తన పువ్వు లాక్కుని, సరుకులోంచి అమ్మ అల్లిన పువ్వొకటి తీసింది. దాన్ని తన గౌను మెడకి ఒక పక్కన, తన పువ్వుని రెండో పక్కన పెట్టి పట్టుకుంది. రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టు, కాలరుకి రెండు వైపులా సరిగ్గా అమిరాయి. ఇన్నాళ్లూ అందరూ అల్లిన కాలర్లలో ఒక పువ్వు ముందు పరిగెడుతుంటే రెండోది వెంటపడుతున్నట్టుండేది.

సూది లాక్కోబోయిన కృపమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "రెండోదాన్ని తిరగేసి కుడదామంటే దాని వెనకవైపు కనపడిపోయేది కదండీ..." అంది, ఎవరితో అంటోందో తెలియకుండా.

"ఇలాంటివి పాతిక కావాలమ్మా" అన్నారు పద్మావతిగారు.

"అల్లుతానండి. ఈ చేత్తోనే" అంది బ్లెస్సీ.

కృపమ్మ టీ తెచ్చింది. పద్మావతిగారు గ్లాసు ఎడంచేత్తో అందుకుని, ఉలిక్కిపడి, చప్పున కుడిచేతిలోకి మార్చుకున్నారు. బ్లెస్సీ ఆవిడ వంకే చూస్తోంది. ఆవిడ ఒక క్షణం ఆగి, గ్లాసు మళ్లీ ఎడంచేతిలోకి తీసుకుని, తాపీగా ఊదుకుంటూ తాగారు.

పక్కూరి బడిలో పరీక్ష పేపర్లు దిద్ది అప్పుడే వచ్చిన నాన్న, సాలమోను మాస్టారు, గుమ్మంలో సైకిల్ ఆపి కిందికి వంగారు. "ఏవే కృపా, ఇంత పీత ఎలా వచ్చిందే ఇంటి ముందుకి? ఒక కత్తెరే కూరకి సరిపోయేలా ఉంది!"

"ముట్టుకోకండి నాన్నగారూ" అంది బ్లెస్సీ, దారం ఉండ ఎడంచేత్తో ఒడిలోకి లాక్కుంటూ. "ఆయన్ని వండేస్తే నాకు డ్యూటీలు వేసేవాళ్లుండరు."