సెట్ మాట వెతుక్కుంటూ కొత్తవాడకు

"సెట్ అంటే గిన్నెల సెట్ మేడమ్. మా షాపుల రోజూ అమ్ముతం," అన్నాడు ఉపేందర్ లేచి నిలబడి.

వెనక బెంచీలో వాసంతి కిసుక్కున నవ్వింది. "అంతేనా? మా అన్న పొద్దుందాక జుట్టు సెట్ చేసుకుంటడు. మా చిలుకమ్మత్త బిడ్డకు సంబంధం సెట్ అయింది. మా నాయనకు కొత్త అద్దాలు సెట్ అయితలేవు. గిన్నెలమ్మేటోళ్లకు గిన్నెలే కనవడ్తయ్!"

హనుమకొండలోని ఆ స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసంతా గొల్లుమంది. ఉపేందర్ చెవులు ఎర్రబడ్డాయి.

అనసూయ మేడమ్ డిక్షనరీ తెరిచి చూపించింది. ఆ ఒక్క చిన్న మాటకే పేజీల కొద్దీ అర్థాలు!

"కొట్లాడేది మీరిద్దరే కాబట్టి మీరిద్దరే వారంలో యాభై వాడుకలు పట్టుకు రండి. పుస్తకాల్లోంచి కాదు, మనుషుల నోట్లోంచి."

మొదటి రోజు కొట్లాడుకుంటూనే తిరిగారు. మూడో రోజు టిఫిన్ సెంటర్లో సెట్ దోశ తింటూ అది కూడా రాసుకున్నారు. నలభై దాటాక వాసంతి తనకు తెలిసిన వాడుకలు దాచుకోవడం మొదలుపెట్టింది. యాభై నిండితే అతను ఇక రాడు కదా!

ఆరో రోజు ఉపేందర్ నోటుబుక్కుతో కొత్తవాడలోని వాసంతి వాళ్లింటికే వచ్చాడు. నాయన సారయ్య నూలు తేవడానికి పోయాడు. నేల మీద పరిచే జంపఖానా ఒకటి మగ్గం మీద పూర్తయి ఉంది.

"జర దాన్ని కోసి తియ్యి. చాయ్ తెస్త," అని వాసంతి లోపలికి వెళ్లింది.

అతను జంపఖానా కోశాడు. మగ్గానికి దువ్వెనలా ఉండే అచ్చు కన్నాల్లో ఇంకా పాత పోగులు వేలాడుతున్నాయి. దుకాణం మనిషి కంటికి అది చెత్తలాగే కనిపించింది. ఒక్కటి మిగలకుండా లాగి, చీపురుతో ఊడ్చాడు కూడా.

చాయ్ గ్లాసులతో వచ్చిన వాసంతి గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఏం జేసినవ్?"

"సాఫ్ జేసిన."

"అయ్యో దేవుడా! ఆ పాత పోగులకే కొత్త పడుగు అతుకుతం. ఇప్పుడు ఆరువందల పోగులు ఒక్కొక్కటే కన్నంల ఎక్కియ్యాలె!"

వెనకే సారయ్య. ఖాళీ అచ్చు చూసి ఆయన ముఖం మాడిపోయింది. వాసంతి "నేనే..." అనబోయింది.

"నేనే గుంజిన మామా," అన్నాడు ఉపేందర్.

"మామనా? ఎవనికి మామరా?"

"నోరు జారింది కాకా."

"నోరు తర్వాత. చెయ్యి జారింది గద, కూసో. అన్నీ ఎక్కించినంక నువ్వు మళ్ల ఈ గడప తొక్కద్దు."

రెండు రోజులు వాన. అటు నుంచి ఉపేందర్ పోగు అందిస్తాడు, ఇటు నుంచి వాసంతి సన్నని కొక్కెంతో లాగుతుంది. ప్రతి పోగుకీ వేళ్లు తగులుతాయి. మొదటి వందకు ఇద్దరూ తలెత్తలేదు. రెండో వందకు నవ్వు ఆపుకోలేదు.

కుర్చీలో కూర్చున్న సారయ్య చూపు నోటుబుక్కు మీద పడింది. "గదేంది?"

చెప్పారు.

"సెట్టా? రాస్కో. మేం టీవీ సెట్ కొన్ననాడు గల్లీ అంత మా ఇంట్లనే ఉండె!" అని నవ్వి, కోపంగా ఉండాలని గుర్తొచ్చి మళ్లీ మూతి బిగించాడు.

రెండో సాయంత్రం ఐదువందలు దాటాక ఆయన ముందుకు వంగాడు.

"ఆగుండ్రి. ఒక్క కన్నంల రెండు పోగులున్నయ్."

"తప్పు నాదే కాకా."

"నువ్వు అందిచ్చెటోనివే. ఎక్కిచ్చింది నా బిడ్డ."

పదేళ్లప్పటి నుంచి మగ్గం దగ్గరున్న వాసంతి ఇంతవరకు ఒక్క పోగు తప్పలేదు. ఆమె తల వంచుకుంది. కానీ పోగుల వెనక ముఖం ఎంతని దాగుతుంది?

సారయ్య గొంతు తగ్గించాడు. "గీ పిలగాడు రేపటిసంది రాడు. నీకేం ఫికర్ లేదు గద బిడ్డా?"

వాసంతి కొక్కెం పక్కన పెట్టింది.

"ఉన్నది నాయనా," అంది వాసంతి.

ఆయన కుర్చీలోంచి లేచాడు. తర్వాత ఉపేందర్ వైపు తిరిగాడు. "మీ ఇంట్ల పెద్దలెవరు?"

"అమ్మ. షాపుల కూసుంటది."

"ఆదివారం తోలుకరా."

గోడకు వేలాడుతున్న గొడుగు అందుకుని సారయ్య చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. "చౌరస్తాకు పోయి చాయ్ తాగొస్త. ఆ రెండు పోగులు ఇడదీసి సక్కగ ఎక్కియ్యిండ్రి. నిమ్మళంగ చెయ్యిండ్రి, తొందరేం లేదు."

ఉపేందర్ పోగు అందించాడు. వాసంతి పోగుతో పాటు ఆ వేళ్లను కూడా పట్టుకుంది.